టీచరమ్మ గడప ముందు పదేళ్ల పొగాకు

నా రసమట్టం మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. దేవుడి మీద ఒట్టేస్తే ఆయనకు పనులెక్కువ, వచ్చి సరిచూడలేడు. పెళ్లాం మీద వేస్తే ఆమె ఒప్పుకోదు. తాపీ మేస్త్రీకి రసమట్టాన్ని మించిన సాక్షి లేదు. ఆ గాజుగొట్టంలో బుడగ అబద్ధమాడటం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

కనుక నమ్మండి. నిరుడు వేలూరు పక్కన మా గుడియాత్తంలో, పట్టపగలు, నలభైమంది చూస్తుండగా, చేతబడి చేసినవాడిగా నేను వీధిలో నిలబడ్డాను. నా చేతుల్లో ఎర్రగుడ్డ చుట్టిన గాజు జాడీ. అందులో నల్లగా, జిగటగా ఏదో ఉంది. "ఇది పొగాకు" అని మొత్తుకుంటే ఒక్క ప్రాణి నమ్మలేదు. మా ఇంటి కుక్క నా వెంటే వచ్చింది గానీ, అది కూడా రెండడుగులు వెనక్కి జరిగింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. రెండూ చేశాను, బతికే ఉన్నాను. ఒకరి పొగాకు దాచి చూడమని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే జాగ్రత్తపడేవాణ్ణి.

మొదలు పదేళ్ల వెనక ఉంది. వేలూరులో పెద్ద ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన డాక్టరు సారు ఒకరున్నారు. సెంట్రింగ్ పలక జారి నా కుడిచేతి మీద పడినప్పుడు, నాలుగు వేళ్లూ కుట్టి మళ్లీ తాపీ పట్టించిన మనిషి. రోగులందరికీ పొగ మానమని చెప్పీ చెప్పీ అలిసిపోయి, సాయంత్రమయ్యేసరికి తాను పైపు వెలిగించేవారు. ఆయనకు తోడు నాట్రంపల్లి నుంచి నాయుడు వచ్చేవాడు. మామిడితోటల ఆసామి, చిన్ననాటి స్నేహితుడు, రెండో పైపు.

ఆ రోజు నేను డాక్టరు సారు వరండా గోడకు పూత పూస్తున్నాను. వాళ్లిద్దరి మధ్య బెంగుళూరు నుంచి తెప్పించిన పొగాకు పొట్లం. వెనీలా, రమ్ము కలిపిన వాసన పొగాకు. విప్పగానే నా సిమెంటు కూడా కేకులాగా వాసన వేసింది.

"ఇట్లాంటిది దాచిపెట్టేదానికి పనికిరాదప్పా," అన్నారు డాక్టరు. "సెంటు మాదిరి. ఏండ్లు పెడితే వాసన ఎగిరిపోతాది, వట్టి ఆకు మిగులుతాది."

"నీ మొహం," అన్నాడు నాయుడు. "పాత చింతపండు చూడలేదా నువ్వు? ఏడాదికేడాదికి నల్లబడి, చిక్కబడి, రుచి లోపలికి దిగుతాది. ఇదీ అంతే."

మాట మీద మాట పెరిగింది. గొంతులు లేచాయి. చివరకు పందెం కట్టారు: జాడీలో పోసి పదేళ్లు ముట్టకుండా ఉంచాలి. తెరిచిన రోజు ఎవరి మాట తప్పయితే వాళ్లు ఆయుష్షున్నంతవరకు పైపు పట్టకూడదు. అయితే జాడీ ఎవరింట్లో ఉండాలి? డాక్టరింట్లో అంటే నాయుడు ఒప్పుకోడు, నాయుడింట్లో అంటే డాక్టరు ఒప్పుకోడు. ఇద్దరి చూపూ నా మీద పడింది.

"మునసామీ, నువ్వు పొగ తాగుతావా?"

"లేదు సార్."

"అబద్ధాలు చెబుతావా?"

"లేదు సార్," అన్నాను. ఆ రెండో జవాబు విన్నాక మొదటిదాన్ని కూడా నమ్మకూడదని ఆ పెద్దలకు తోచలేదు.

జాడీ నా చేతికిచ్చి డాక్టరు సారు మందు చీటీ చెప్పినట్టే చెప్పారు. వెలుతురు తగలకూడదు. వేడి తగలకూడదు. కదపకూడదు. మూత అసలే తీయకూడదు, ఒకసారి గాలి తగిలిందా, పదేళ్ల తపస్సు భంగం. నేను ఆవేశపడి తాపీ ఎత్తి, "మూత తెరిచినా, జాడీ పోగొట్టినా, ఈ తాపీ మీ కాళ్లకాడ పెట్టి పని మానేస్తాను సార్" అని శపథం చేశాను. అప్పుడు నాకు ముప్పైఎనిమిదేళ్లు. ఆ వయసులో మనిషికి శపథం తుమ్ములాంటిది, ఆపుకోలేడు.

ఇప్పుడు చెప్పండి, వేలూరు జిల్లాలో వేడి తగలని చోటెక్కడుంది? మా ఎండకు కాకులు కూడా మధ్యాహ్నం నడిచే పోతాయి. మంచం కింద పెడితే కోడి పొదగడానికి వచ్చింది. బియ్యం డబ్బాలో పెడితే మూడోరోజు నా భార్య గౌరి కంచం ముందు ఆగిపోయింది.

"ఏందయ్యా ఈ అన్నం? కేకు తిన్నట్టుండాది."

అదే వారం గుడియాత్తంలో రాజేశ్వరి టీచరమ్మ ఇంటికి తలవాకిలి నిలబెడుతున్నాను. నాలుగో తరగతిలో నాకు తెలుగు చెప్పిన టీచరమ్మ. తమిళనాడులో మా వైపు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు వీధికి వందమంది, తెలుగు అక్షరం చదివేవాళ్లు చేతివేళ్లకు సరిపోతారు. ఆ వేళ్లలో నేనొకణ్ణి కావడానికి ఆమె బెత్తమే కారణం. వాకిలి నిలిపేటప్పుడు కింద గుంతలో నవరత్నాలు, పంచలోహాలు వేసి పూజ చేయడం మా ఆచారం. పూజ అయింది, అందరూ పాయసానికి పోయారు. నేను గుంత వైపు చూస్తున్నాను. గుంత నా వైపు చూస్తోంది.

చీకటి. చల్లదనం. కదలిక లేదు. పైన గడప, గడపకు ఆనించి బయట వేసే నల్లరాయి. టీచరమ్మ వాకిట్లో అడుగు తప్పుగా వేసే మగాడు గుడియాత్తంలో పుట్టలేదు.

మర్నాడే రాయి కిందికి వచ్చేలా నాలుగిటుకలతో చిన్న అర కట్టి, లోపల నున్నగా పూత పూసి, జాడీ దించాను. మూతలోకి దుమ్ము పోకుండా పూజలో మిగిలిన ఎర్రగుడ్డ చుట్టి, పూజలో మిగిలిన పసుపుదారంతో కట్టాను. పైన నల్లరాయి పరిచి సిమెంటు పట్టించాను. ఎవరికీ చెప్పలేదు. కట్టినవాడికి తీయడం ఎంతసేపు అనుకున్నాను.

నా సమాధి మీద ఏదైనా చెక్కించాలంటే ఈ వాక్యమే చెక్కించండి.

నిరుడు ఎండల్లో ఒక గురువారం మధ్యాహ్నం. సాంబారన్నంలో చెయ్యి ఉండగా ఫోను మోగింది.

"మునసామీ, నేనప్పా. పదేండ్లు రేపటికి నిండుతాయి. నాయుడు వేలూరికి వచ్చేసినాడు. రేపు పొద్దున పదికి మీ ఇంటికి వస్తాము. జాడీ భద్రంగా ఉండాదా?"

"భద్రంగా ఉండాది సార్," అన్నాను. నా జన్మలో నేను చెప్పిన అతి గొప్ప నిజం అదే. నాకు కూడా అందనంత భద్రంగా ఉంది.

గౌరి గరిటె పట్టుకొని నిలబడింది. "యాడ పెట్టినావు దాన్ని?"

చెప్పాను. ఆమె గరిటె కింద పెట్టింది. అది మంచి శకునం కాదు.

"ఒకరి గడపకాడ, వాళ్లకి తెలీకుండా, ఎర్రగుడ్డ కట్టి, పసుపుదారం చుట్టి పాతిపెట్టినావా?"

"అవును."

"దాన్ని ఏమంటారో తెలుసునా నీకు?"

రసమట్టం సాక్షిగా చెబుతున్నాను, ఆ క్షణం వరకు నాకు తట్టలేదు. మేస్త్రీ బుర్రకు గుంత కనిపిస్తే పూడ్చడమే తెలుసు.

"చేతబడి అంటారు," అంది గౌరి. "ఇంకోటి. రేపు శుక్రవారం. గడప కడిగి పసుపు రాసే పొద్దు. గడ్డపార ఎత్తితే టీచరమ్మ నిన్నే ఆ గుంతలో పెడతాది. ఈ దినం దీపం పెట్టేలోపల తీయల్ల. లేకుంటే లేదు."

గోడగడియారం చూశాను. మూడున్నర. దీపం పెట్టేది ఆరుకు. నా తాపీకి, నా పరువుకి, డాక్టరు సారు కుట్టిన ఈ నాలుగు వేళ్లకి రెండున్నర గంటల ఆయుష్షు.

నాలుగింటికి టీచరమ్మ ఇల్లు చేరాను. ఆమె తిన్నె మీద కూర్చొని చేటలో పప్పు ఏరుతోంది. గడప మీద పసుపు మెరుస్తోంది, రాయి మీద ముగ్గు చెదరకుండా ఉంది. ముగ్గు కింద అరడుగు లోతులో నా ప్రాణం.

"రారా మునసామీ. ఏం ఈ ఎండలో?"

"ఏం లేదు టీచరమ్మా. సుమ్మా, ఊరికే ఈ పక్కగా పోతా చూసినాను. ఈ రాయి పడమటికి ఒరిగినట్టుండాది. ఇంట్లోకి ఒరిగితే లక్ష్మి నిలబడదంటారు. అరగంటలో తీసి సరిగ్గా వేసేస్తాను."

ఆమె పప్పులోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. "రసమట్టం తెచ్చినావా?"

తెచ్చాను. ఎందుకు తెచ్చానో ఆ భగవంతుడికే తెలియాలి.

"పెట్టు."

పెట్టాను. బుడగ ఇటు ఊగింది, అటు ఊగింది, రెండు గీతల నడుమకు వచ్చి పెళ్లిపీట మీద పెళ్లికూతురిలా తల వంచుకొని కూర్చుంది. వెంట్రుకంత తేడా లేదు. తాను తీసిన గోతిలో తాను పడేవాళ్లను చూశాను. తాను సరిగ్గా కట్టిన గోతిలో పడింది నేనొక్కణ్ణే.

"ఏమప్పా, లక్ష్మి బాగానే నిలబడి ఉండాది గదా?"

"కింద చెదలు ఉంటాయేమో టీచరమ్మా."

"రాతికి చెదలా?" ఆమె చేట పక్కన పెట్టింది. "నాలుగో తరగతిలో అబద్ధం చెప్పేటప్పుడల్లా ఎడమచెవి గీరుకొంటావుంటివి. ఇప్పుడు నీ చెయ్యి యాడ ఉండాది?"

చెయ్యి ఎడమచెవి మీదే ఉంది. దాన్ని దించడానికి కుడిచెయ్యి సాయం తెచ్చుకోవలసి వచ్చింది.

"ఆ రాయి కింద ఒకటి ఉండాది టీచరమ్మా," అన్నాను. "పదేండ్లనాడు నేనే పెట్టినాను. జాడీ. ఎర్రగుడ్డ కట్టి..."

మిగతాది నోట్లోనే ఉంది. పక్కింటి మంగమ్మ తల గోడ మీద లేచింది.

"సెయ్‌వినై!" అని కేక పెట్టింది. "టీచరమ్మ ఇంటికి సెయ్‌వినై పెట్టినారు!"

తమిళంలో చేతబడికి అదే పేరు. వీధిలో తెలుగువాళ్లకి, అరవవాళ్లకి తర్జుమా అక్కరలేకుండా ఒకేసారి అర్థమైంది. పది నిమిషాల్లో నలభైమంది.

"నేను అప్పుడే చెప్పినాను! ఈమె కొబ్బరిచెట్టు అందుకే వంగినాది!"

"నిరుడు మా మేక చచ్చిపోలేదా? ఈ ఇంటిముందే గదా మేసినాది!"

"టీచరమ్మ ఇంట్లో పదేండ్లుగా పెరుగు సరిగ్గా తోడుకోనేలేదు," అంది మంగమ్మ.

"నువ్విచ్చే తోడు అట్లాంటిది," అంది టీచరమ్మ, నా మీంచి కళ్లు తీయకుండా.

ఒక ఆటోడ్రైవరు ముందుకొచ్చాడు. "ఎవరూ రాయి ముట్టుకోవద్దండప్పా. మోర్ధానాకాడ ఒక సామి ఉండాడు. ఆయన్ని పిలుచుకొని వస్తాను. ఆయన మంత్రం వేసి, జాడీని తెరవకుండా ఏట్లో కలిపేస్తాడు."

నా కాళ్ల వెంట నీళ్లు కారాయి. చెమట అని రాయమన్నది గౌరి, చెమట అనే అనుకోండి. ఆ సామి వచ్చేసరికి శుక్రవారం అవుతుంది. పదేళ్లు కాపాడిన జాడీ తెరవకుండానే కౌండిన్యా ఏట్లో పడుతుంది. పది గంటలకు ఇద్దరు ముసలివాళ్లు నా ఇంటిముందు కారు దిగుతారు. నేను తాపీ వాళ్ల కాళ్ల దగ్గర పెడతాను. ఆ తర్వాత? మంత్రగాడైన మేస్త్రీని కోళ్లగూడు కట్టడానికైనా ఎవరు పిలుస్తారు?

"టీచరమ్మా, సత్యంగా అది పొగాకు. డాక్టరు సారుది. పందెం..."

"పొగాకు ఎవరైనా గడపకాడ పాతుతారా?" అని నలభై గొంతులు. నిజమే, ఎవరూ పాతరు.

అప్పటికి అయిదు దాటింది. టీచరమ్మ లేచి నిలబడింది. వీధి వీధంతా నాలుగో తరగతిలా నిశ్శబ్దమైంది.

"ఎవరూ యాడికీ పోవద్దు. పెట్టినవాడే తీస్తాడు. అది పొగాకు కాకుంటే, మునసామీ, నేనే నిన్ను చెయ్యి పట్టుకొని పోలీసుల కాడికి నడిపించుకొని పోతాను."

"పొగాకు అయితే టీచరమ్మా?"

"అయితే నిన్ను నేనే చూసుకొంటాను."

ఆ రెండోదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ముగ్గు చెరిపి గడ్డపార దించాను. నా సిమెంటు ఊడదు! మేస్త్రీగా నా చేతిపనిని నేనే తిట్టుకున్న రోజు అదొక్కటే. కాస్త ఇసుక ఎక్కువ కలిపి మోసం చేసి ఉంటే ఎంత బాగుండేది! గట్టిగా పొడిస్తే కింద గాజు. మెల్లగా పొడిస్తే పైన పొద్దు గుంకుతోంది. ఒక మూల లేచింది. రెండో మూల లేచింది. లోపలి నుంచి చల్లటి గాలి నా మొహానికి తగిలింది. జనం ఒక్కడుగు వెనక్కి వేశారు.

ఎర్రగుడ్డ రంగు కూడా వెలిసిపోలేదు. జాడీ పగలలేదు. దాన్ని పైకెత్తి గుడ్డ విప్పాను.

"చూడండి, నల్లగా ఉండాది!"

"దాని మీద తెల్లగా ఏంది? బూడిద! మసానం బూడిద!"

నిజంగానే ఆకు మీద అక్కడక్కడ చక్కెరపలుకుల్లాంటి తెల్లటి మెరుపులు. పదేళ్లలో ఆకులోని తీపి పైకి తేలిందో ఏమో, నాకేం తెలుసు, నేను కట్టే మనిషిని.

"జాడీకి కాగితం అంటించి ఉండాది! ఏదో రాసి ఉండాది!"

టీచరమ్మ కళ్లద్దాలు సవరించుకొని వంగింది. ముప్పైఐదేళ్లు పిల్లల చేతిరాతలు దిద్దిన కళ్లు. ఆమె అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. మొదటిసారి ఆమె మొహంలో రంగు మారింది.

"ఇది తెలుగు కాదు," అంది మెల్లగా. "అరవం కాదు. ఇంగ్లీషూ కాదు."

"మంత్రం!" అంది మంగమ్మ. ఎవరో నా మీద ఉప్పూ మిరపకాయలూ విసిరారు. ఒక మిరపకాయ కంట్లో పడింది. ఆటోడ్రైవరు సామి కోసం బండి తీశాడు. తీసిన బండి కదలలేదు. వీధి మొదట్లో అడ్డంగా ఒక కారు వచ్చి ఆగింది.

నాయుడికి రేపటిదాకా ఆగే ఓపిక లేక ఇద్దరూ ఈ రోజే బయల్దేరారట. గౌరి ఇటు పంపింది. డాక్టరు సారు చేతికర్రతో, నాయుడు మీసంతో, జనంలోంచి దారి చేసుకొని వచ్చారు. ఏడుస్తున్న నా కన్ను చూశారు, జాడీ చూశారు.

"సార్, ఈ కాగితం మీద ఏముందో వీళ్లకి చెప్పండి సార్!"

డాక్టరు సారు కాగితం చూసి చదివారు. "'ఇద్దరూ లేనిదే తెరవరాదు.' నేనే రాసినాను. తెలుగే గదా?"

"నువ్వు రాసినావా?" అన్నాడు నాయుడు. "దూరం నుంచి చూసి నేనూ మంత్రమే అనుకొంటిని."

ఎవరో కిసుక్కుమన్నారు. టీచరమ్మ నవ్వలేదు. "మాటలొద్దు. తెరవండి. పొగాకో కాదో నా కళ్లముందు తేలల్ల."

తిన్నె మీద కూర్చొని ఇద్దరూ చెరోవైపు పట్టుకొని మూత లాగారు. రబ్బరు వలయం 'ఉష్' అంది. ముందు కొత్తబెల్లం వాసన వచ్చింది. తర్వాత ఎండుద్రాక్ష, దాని వెనక తొలివాన పడిన చింతతోపు. పారిపోయిన జనమంతా మళ్లీ ముందుకు తోసుకొచ్చారు. మోర్ధానా సామి మాట మరిచిపోయి ఆటోడ్రైవరు కూడా దిగొచ్చాడు.

"సామీ," అంది మంగమ్మ డాక్టరు సారుతో, గొంతు తగ్గించి, "వక్కాకులోకి కొంచెం ఇస్తారా?"

ఇద్దరూ పైపులు నింపుకొని వెలిగించారు. నాయుడు ఒక దమ్ము లాగాడు. కళ్లు మూసుకున్నాడు. డాక్టరు రెండు లాగారు.

"వెనీలా పోయినాదిరా," అన్నాడు నాయుడు చివరికి, నీరసంగా. "నువ్వు చెప్పినట్టే. వాసన ఎగిరిపోయినాది."

"కానీ ఆకు..." డాక్టరు గొంతు కూడా తగ్గింది. "ఇంత తీపి ఎట్ల వచ్చినాదప్పా? నువ్వు చెప్పినట్టే. లోపలికి దిగినాది."

"అంటే నేను ఓడిపోయినానా?"

"కాదు, నేనే."

ఇద్దరు స్నేహితులు ఒకరి గెలుపు కోసం ఒకరు కొట్లాడుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. తేలేటట్టు లేదు. టీచరమ్మ ముందుకొచ్చి చెయ్యి చాపింది, పరీక్షలో చీటీలు పట్టుకున్నప్పటి చెయ్యి అది.

"ఇద్దరూ తప్పొప్పుకొన్నారు. అంటే ఇద్దరూ ఓడినారు. ఇవ్వండి పైపులు."

డెబ్బైరెండేళ్ల డాక్టరు, డెబ్బైనాలుగేళ్ల ఆసామి పైపులు ఇచ్చేశారు. ఆమె వాటిని ఆర్పి, దులిపి, ఆ ఎర్రగుడ్డలోనే చుట్టి, ఆ పసుపుదారంతోనే కట్టి నాకిచ్చింది.

"గుంతలో పెట్టు. రాయి వెయ్. దీపం వేళవుతాండాది."

"పదేండ్లయినాక తీసుకోవచ్చునామ్మా?" అడిగాడు నాయుడు ఆశగా.

"తీసుకోండి."

"పదేండ్లు నేనుండల్ల గదమ్మా?"

"ఉండల్ల అంటే ఇది మానల్ల," అంది టీచరమ్మ.

డాక్టరు సారు తల వంచుకున్నారు. ఆ మాట జీవితమంతా ఆయన ఇతరులకు చెప్పిన మాట. నేను తాపీ తీసి ఆయన కాళ్ల దగ్గర పెట్టాను. "మూత తీయలేదు సార్, జాడీ పోగొట్టలేదు. కానీ పెట్టకూడని చోట పెట్టినాను."

ఆయన వంగి తాపీ తీసి నా కుడిచేతిలో పెట్టారు. "నేను ఈ చెయ్యి కుట్టింది రాళ్లు వేసేదానికి. వెయ్."

ఆరుకు అయిదు నిమిషాలుండగా రాయి కూర్చుంది. ఆరుకు గడపలో దీపం వెలిగింది. జాడీలో మిగిలిన పొగాకంతా టీచరమ్మ నీళ్లలో నానబెట్టి మందారచెట్ల మీద చల్లింది. పదేళ్లు పండిన తీపి తాగి గుడియాత్తం పిండినల్లులు ఎంత హాయిగా చచ్చాయో!

ఇక నా శిక్ష. "జరిగిందంతా తెలుగులో రాసి నాకు చూపించల్ల," అంది టీచరమ్మ. "ఒక్క అబద్ధం ఉండకూడదు." ఇదే ఆ రాత. చివర ఒక శపథం కూడా ఉండాలంది, అదీ చేస్తున్నాను: ఇకమీదట నా బొందిలో ప్రాణమున్నంతవరకు ఏ గడపకాడా, ఏ రాయి కిందా, ఏ గోడలోనూ, ఇంటివాళ్లు అడగనిది ఆవగింజంత కూడా పెట్టను. ఎవరైనా దాచిపెట్టమని జాడీ ఇస్తే, ఎండలో నెత్తిన పెట్టుకొని పదేళ్లు నిలబడతాను గానీ పాతను.

నిన్న ఈ కాగితాలు దిద్ది వెనక్కి పంపింది. ఎర్రసిరా తక్కువే. రసమట్టం పెట్టిన చోట మాత్రం పక్కన ఇలా రాసి ఉంది: "బుడగ నడుమన లేదు. రెండు గీతలు తూర్పుకు ఉండింది, రాయి ఇంట్లోకే ఒరిగింది. పదేళ్లుగా ప్రతి వానకీ నీళ్లు ఇంట్లోకి వస్తున్నాయి. 'నాకు తెలుసులే, ఇన్నేళ్లు లేనిది ఈ దినమే ఎందుకు గుర్తొచ్చింది' అని గదా నేను అడిగింది? నిజం రాయి."

సరే. ఆ ఒక్క చోటు కల్పించాను. చేతబడి చేశానని నలభైమంది అరిచిన సంగతి కాగితం మీద ఒప్పుకున్నాను, కంట్లో మిరపకాయ పడిందని ఒప్పుకున్నాను, చెమట సంగతి కూడా దాదాపు ఒప్పుకున్నాను. నేను వేసిన రాయి వంకర అని మాత్రం చెయ్యి రాయనంది.